చేతులు మారిన కారును గొనునపుడు

ఇంటికి వచ్చు వస్తువును పరీక్షించుట గృహిణులకు క్రొత్త విద్య కాదు. వంకాయను ద్రిప్పి పురుగు తొలిచిన రంధ్రమున్నదేమో చూతుము. క్రొత్త కుండను వ్రేలితో గొట్టి దాని నాదమును విందుము. పట్టుచీర మడత విప్పి వెలుతురునకు బట్టి చూచిన గాని వెల యడుగము. బంగారమును గీటురాయి మీద గీసిన గాని నమ్మము. ఇంత నేర్పు గల వారమయ్యు, ఇంటికి కారు గొనుచున్నారనగానే మనలో పెక్కురు ఏ రంగు బాగుండునో చెప్పి ఊరకుందురు. తక్కిన దంతయు ఇనుముతోడి పనియనియు, అది పురుషులు చూచుకొందురనియు తలంతురు. కాని యా కారునకు వెచ్చించు ధనము పలు సంవత్సరములుగా ఇంటి ఖర్చులలో మిగిల్చి కూడబెట్టినది. ఒక్కొక్క యింట గృహిణి నగలు బ్యాంకులో తాకట్టు పెట్టగా వచ్చినది. ఆ కారు వెనుక సీటున గూర్చుండువారు మన బిడ్డలు. కావున పాత కారును గొనునపుడు వహింపవలసిన జాగ్రత్తలను మన సోదరీమణులు తెలిసికొని యుండుట యవసరమని యెంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పాత కారు కొనుట చిన్నతనమని కొంద ఱనుకొందురు. అది సరి కాదు. బీమా కంపెనీలు కారునకు వెల కట్టుటలో వాడుచు వచ్చిన పట్టికను జూడుడు. కారు వయస్సు ఒకటి మొదలు రెండేండ్ల లోపలనున్నచో నూటికి 20 వంతులు, మూడేండ్ల లోపల 30, నాలుగేండ్ల లోపల 40, అయిదేండ్ల లోపల 50 వంతులు తరుగు తీసివేయుదురు. అనగా చక్కగా నడచుచున్న కారు అయిదేండ్లకే సగము వెలకు దిగుచున్నది. వివేకముతో గొన్నచో ఆ తరుగు భారము మొదటి యజమానిది, లాభము మనది. అయితే ఒక్క భేదము కలదు. క్రొత్త కారునకు తయారుచేసిన కంపెనీ పూచీపడును. పాత కారునకు ఆ పూచీ చాలవఱకు తీరిపోయి యుండును గాన, కొనుటకు ముందు మనము చేయు పరీక్షయే మనకు పూచీ.

ఈ పరీక్షకు మేము చెప్పు సూత్ర మొక్కటే. పాత కారుతోపాటు దాని పూర్వచరిత్రను గూడ మనము కొనుచున్నాము. ఆ చరిత్రకు ముగ్గురు సాక్షులు కలరు. అమ్మువాని మాట యొకటి, పత్రములు రెండవది, కారు దేహము మూడవది. ఈ మూడును ఒకే మాట చెప్పినచో కొనవచ్చును. ఒకటి రెండవదానితో పొసగనిచో, కారణము తేలువఱకు ఆగవలెను. కారణము తేలనిచో ఎంత చౌకయైనను విడువవలెను. ముగ్గురు సాక్షులను విచారించి ముగించువఱకు బయానా ఒక్క రూపాయయు ఇయ్యరాదు.

పూర్వులు గుఱ్ఱమును గొన్న విధము

ఇట్టి పరీక్ష మన పూర్వు లెఱుగనిది కాదు. నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు ఒక్క దినములో విదర్భకు జేరవలసి వచ్చినపుడు, బాహుకుడు శాల నుండి చూపునకు కృశించి యున్న గుఱ్ఱముల నేఱి తెచ్చెను. ఇవి యంత దూరము పోగలవా యని రాజు శంకించెను. బాహుకుడు వాని శుభలక్షణములను వివరించి, పోగలవివియే యని చెప్పెను. అట్లే యయ్యెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుడు ప్రతి గుఱ్ఱమునకును కులము, వయస్సు, వర్ణము, చిహ్నము, వర్గము, ఆగమము అను ఆఱింటిని పుస్తకమున వ్రాయింపవలెనని విధి కలదు. ఆగమమనగా అది ఏ విధముగా శాలకు వచ్చినదను వివరము.

నేడు మనము ఆర్.సి. యని పిలుచు రిజిస్ట్రేషను పత్రము కారునకు అట్టి పుస్తకమే. కంపెనీ పేరు, మోడలు దాని కులము. తయారైన నెల, సంవత్సరము దాని వయస్సు. రంగు దాని వర్ణము. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు దాని చిహ్నములు. సొంత వాడుకదియా, బాడుగదియా యనునది దాని వర్గము. ఎన్నవ యజమాని చేతిలో నున్నదను సంఖ్య దాని ఆగమము. ఈ ఆఱును జ్ఞాపకముంచుకొన్న గృహిణి ఆర్.సి.ని జేత బట్టుకొని తడబడ నక్కఱలేదు.

పత్రముల పరీక్ష

ఆర్.సి. అసలు పత్రమునే చూపుమని కోరవలెను. జిరాక్సు ప్రతితో తృప్తిపడరాదు. కేంద్రప్రభుత్వపు పరివాహన్ వెబ్‌సైటులో గాని, ఎం-పరివాహన్ యాప్‌లో గాని కారు నంబరు వ్రాసినచో, రిజిస్టరైన తేది, ఇంధనము, బీమా గడువు, అప్పు ఇచ్చిన సంస్థ మొదలగునవి కనబడును. యజమాని పేరులో కొన్ని యక్షరములు మఱుగుపఱచి యున్నను, పోల్చుకొనుటకు అది చాలును. పత్రమున ఒకటియు, ప్రభుత్వ పుస్తకమున వేఱొకటియు నున్నచో అచ్చటనే మాట చాలింపవలెను.

తరువాత ఆర్.సి.లోని పేరును, అమ్మవచ్చిన మనుష్యుని పేరును బోల్చవలెను. "మా తమ్మునిదండీ, వాడు ఊరిలో లేడు" అను మాట మనము తఱచుగా విందుము. అది నిజమే కావచ్చును. అట్లయినచో తమ్ముడు ఊరికి వచ్చిన పిమ్మటనే బేరము సాగవచ్చును. యజమాని మరణించిన కారైనచో, వారసులు ముందుగా ఫారము 31 ద్వారా తమ పేరునకు మార్చుకొనవలెను. అది జరిగిన పిదపనే మనము కొనుట క్షేమము.

తయారైన తేదికిని, రిజిస్టరైన తేదికిని భేదము కలదు. డిసెంబరులో తయారైన కారు మఱుసటి యేట వేసవిలో అమ్ముడై యుండవచ్చును. అమ్మువాడు రిజిస్ట్రేషను సంవత్సరమును జెప్పును. మనము తయారైన సంవత్సరమును బట్టి వెల కట్టవలెను.

అప్పు తీసికొని కొన్న కారైనచో, ఆర్.సి.లో ఆ బ్యాంకు పేరు హైపాథికేషను అను మాట క్రింద నుండును. వాయిదాలన్నియు చెల్లించితినని అమ్మువాడు చెప్పిన మాత్రమున చాలదు. బ్యాంకు ఇచ్చు నో డ్యూస్ పత్రముతో, ఫారము 35 దాఖలు చేసి, ఆ పేరును ఆర్.సి. నుండి తీసివేయించిన పిదపనే కారు నిజముగా వానిదగును. పొలమును గొనునపుడు తాకట్టు ఉన్నదేమో ఈసీ తీయించి చూచుట యెట్టిదో, ఇదియు నట్టిదే.

కారు మీద చెల్లింపని చలానా లున్నవేమో పోలీసు శాఖ ఈ-చలానా వెబ్‌సైటులో చూడవలెను. బీమా పాలసీని గూడ శ్రద్ధగా చదువవలెను. అందు నో క్లెయిమ్ బోనస్ అను ఒక గడి యుండును. ఒక సంవత్సరము బీమా సొమ్ము కోరనివారికి 20 వంతులతో మొదలై, వరుసగా అయిదేండ్లు కోరనివారికి 50 వంతుల వఱకు ఈ తగ్గింపు లభించును. అయిదేండ్ల కారునకు ఆ గడిలో సున్న యున్నచో, సమీపకాలమున ఏదియో దెబ్బ తగిలి సొమ్ము కోరియుండవచ్చును. దెబ్బ తగిలినంత మాత్రమున కారు చెడినదని కాదు. కాని "గీత గూడ పడలేదు" అని అమ్మువాడు చెప్పియుండినచో, ఇచ్చట ఇద్దఱు సాక్షుల మాట పొసగలేదు. ఏమి జరిగినదో విడమరచి చెప్పుమనవలెను.

ఇతర రాష్ట్రముల నుండి వచ్చిన కార్ల విషయమున మఱింత మెలకువ కావలెను. ఢిల్లీ ప్రాంతమున పదియేండ్లు దాటిన డీజిలు కార్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు కార్లను నడుపరాదని జాతీయ హరిత న్యాయస్థానము 2015లో ఆజ్ఞాపించెను. 2018లో సుప్రీం కోర్టు దానిని సమర్థించెను. నాటి నుండి అచ్చటి పాత కార్లు చౌక వెలకు ఇతర రాష్ట్రములకు తరలినవి. అట్టి కారునకు మొదట రిజిస్టరైన చోటి అధికారి ఇచ్చిన నిరభ్యంతర పత్రము ఉండవలెను. పండ్రెండు నెలలకు మించి ఇచ్చట ఉంచుకొనునెడల మన రాష్ట్రపు నంబరు తీసికొనవలెను. ఇచ్చటి జీవితపన్ను వేఱుగా చెల్లింపవలెను. ఈ పన్నును గూడ కలిపి చూచినపుడు ఆ చౌక ఒక్కొక్కసారి చౌకగా నిలువదు.

సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిమ్మట కారు యోగ్యతను బరీక్షింపించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయలకు బదులు 5,000 రూపాయలైనది. పదునాలుగేండ్ల కారును బేరమాడువారు ఈ ఖర్చును వెలలో తగ్గించుకొనవలెను.

పగటి వెలుగున కారు దేహము

కారును ఉదయమున, ఏటవాలు వెలుగులో చూడవలెను. సాయంకాలపు దీపముల వెలుగున గాని, వాన కురియుచుండగా గాని, అప్పుడే కడిగి నీరోడుచున్నపుడు గాని చూడరాదు. తడి రంగు ప్రతి లోపమును గప్పివేయును.

మొట్టమొదట ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును కారు మీద చెక్కిన నంబరుతో ఒక్కొక్క యక్షరమే సరిచూడవలెను. నేటి కార్లకు ఇందు అంకెలు, ఇంగ్లీషు అక్షరములు కలిసి 17 ఉండును. 1, 0 అను అంకెలతో భ్రమ కలుగకుండుటకై ఐ, ఓ, క్యూ అను అక్షరములను ఇందు వాడరు. ఆ యక్షరములు కనబడినచో, లేక నంబరు చుట్టును గీచి వెల్డింగు చేసిన జాడ యున్నచో ఆ కారును ముట్టరాదు.

తరువాత కారునకు కొంత దూరమున నిలిచి ప్రక్కలను వాలుగా చూడవలెను. తలుపులకును, బానెట్‌నకును నడుమ సందులు రెండు వైపులను సమముగా నుండవలెను. ఒక తలుపు రంగు ప్రక్క తలుపు రంగుతో కలియనిచో అచ్చట మరల రంగు వేసినారు. ఇంటిలోని చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి ఇనుపరేకు మీద మెల్లగా పెట్టి చూడుడు. అన్ని చోట్ల అంటుకొని యొకచో జారిపోయినచో, అచ్చట సొట్టను మందముగా పుట్టీతో నింపినారన్నమాట. తలుపు అంచున నున్న రబ్బరును కొంచెము లాగి క్రింద నున్న రేకును జూచినచో, ఫ్యాక్టరీలో వేసిన వరుస అతుకులు చెదరియున్నది లేనిది తెలియును. డిక్కీలో స్టెప్నీ టైరు నెత్తి, దాని గుంటలో తుప్పు గాని, ముడుతపడిన రేకు గాని యున్నదేమో చూడవలెను. వెనుక నుండి తగిలిన దెబ్బ అచ్చట తప్పక గుర్తు విడుచును.

టైరు వయస్సు టైరు మీదనే వ్రాసియుండును. దాని ప్రక్క భాగమున చిన్న గడిలో నాలుగు అంకెలుండును. 2319 అని యున్నచో, అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. టైరు గాడులు 1.6 మిల్లీమీటర్లకు తగ్గియుండరాదని నిబంధన కలదు. అద్దముల మూలలలో గూడ తయారీ గుర్తు లుండును. అన్ని అద్దములును ఒక సంవత్సరమువై, ఒక్కటి మాత్రము తరువాతిదైనచో, అది యెందుకు పగిలెనని యడుగవలెను.

మీటరులో చూపు కిలోమీటర్లను నమ్మరాదు. నేటి కార్లలో అంకెలు తెర మీద కనబడునవైనను, వానిని వెనుకకు త్రిప్పువారు కలరు. 30,000 కిలోమీటర్లు మాత్రమే నడచినదని చెప్పిన కారులో బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నబడి, స్టీరింగు పట్టుకొను చోట మెఱుగెక్కి, డ్రైవరు సీటు అంచు నలిగియున్నచో, ఆ యంకె అబద్ధము. మన యింట రుబ్బురోలు అరుగుదలను జూచియే దాని వయస్సు చెప్పగలము గదా! సర్వీసు పుస్తకమున ప్రతి తేదికిని వ్రాసిన కిలోమీటర్లను వరుసగా చదివినచో నిజము బయటపడును. పుస్తకము పోయినదన్నచో, కంపెనీ సర్వీసు కేంద్రమున యజమాని చేతనే పాత బిల్లులు తీయింపవలెను.

ఇక నీట మునిగిన కార్ల సంగతి. 2015 డిసెంబరున చెన్నపట్టణమునను, 2020 అక్టోబరున హైదరాబాదునను, 2024 సెప్టెంబరున విజయవాడలో బుడమేరు పొంగినపుడును అనేకమైన కార్లు నీట నిలిచినవి. అట్టి కారును ఆరబెట్టి, తుడిచి, పరిమళము చల్లి దూరపు ఊరిలో నమ్ముట సులభము. ఇచ్చట గృహిణి ముక్కే గొప్ప సాధనము. అద్దములు మూసి, కారును ఎండలో నుంచి, తలుపు తెఱచి వాసన చూడవలెను. ముక్కిన బియ్యపు మూట వాసన వంటిది వచ్చినచో అనుమానింపవలెను. సీటుబెల్టును చివఱివఱకు లాగి చూచినచో, ఎప్పుడును బయటికి రాని ఆ కొసన బురద చాఱ కనబడవచ్చును. సీట్లు జరుపు పట్టాల మీద తుప్పు, కార్పెట్టు క్రింద సన్నని ఒండ్రు, ముందు దీపముల లోపల తేమ మచ్చ యున్నచో, ఆ కారు వరదను జూచినదే. నీరు ప్రవేశించిన విద్యుత్తు తీగలు నేడు పనిచేసినను, కొన్ని నెలలకు ఒకటొకటిగా చెడును.

ఇంజను పరీక్ష

ఇంజనును జూచుటకు మెకానిక్కు కావలెను. ఆతడు మన యెఱిగినవాడై యుండవలెను గాని, అమ్మువాడు పిలిపించినవాడు కారాదు. ఆతనికి ఇచ్చు కూలి ఈ వ్యవహారమంతటిలో మిక్కిలి సద్వ్యయమైన సొమ్ము.

కారును జూడ వచ్చుచున్నామనియు, అంతవఱకు ఇంజను నడుపవలదనియు ముందుగా చెప్పవలెను. మనము చేరునప్పటికి బానెట్ వేడిగా నున్నచో, చల్లని ఇంజను చేయు ఆగడమును మఱుగుపఱచుటకు ముందే నడిపినారని శంకింపవచ్చును. చల్లగా నున్న ఇంజనును నడిపి వెనుక గొట్టము వద్ద పొగను జూడుడు. నీలిపొగ యెడతెగక వచ్చినచో ఇంజను నూనెను గాల్చుకొనుచున్నది. దట్టమైన తెల్లపొగ వేడెక్కిన తరువాతను మానకున్నచో, చల్లబఱచు నీరు లోపలికి జొచ్చుచున్నదని భయపడవలెను. నల్లపొగ ఇంధనము సరిగా కాలకపోవుటకు గుర్తు. నూనె మూత తీసి చూచినపుడు మజ్జిగ వంటి తెల్లని జిగురు మందముగా నున్నచో, నూనెలో నీరు కలిసినదేమో మెకానిక్కు చేత పరీక్షింపింపవలెను.

తాళము త్రిప్పగానే ఎదుట ఎయిర్‌బ్యాగు గుర్తు గల దీపము వెలిగి, కొన్ని క్షణములకు ఆరిపోవలెను. ఆరకున్నచో ఆ యమరికలో లోపము కలదు. అసలు వెలుగకున్నచో ఆ దీపమునే తీసివేసి యుండవచ్చును. ఇది మఱింత ప్రమాదము. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు క్రొత్త కార్లన్నిటికి 2019 జూలై 1 నుండి తప్పనిసరి యైనది గాన, అంతకు పూర్వపు కారైనచో అది యున్నదో లేదో అడిగి తెలిసికొనవలెను. వెనుక సీటు బెల్టులను ఒక్కొక్కదానినే పెట్టి తీసి చూచు పనిని తల్లులు తామే చేయవలెను. బేరము నాడు వానిని జ్ఞాపకముంచుకొనువారు తక్కువ.

పిమ్మట దారిలో నడిపి చూడవలెను. గతుకులున్న చోటను, ఎత్తయిన చోటను, సాఫీ దారిలోను నడుపవలెను. పాటలు ఆపి, ఏసీ కట్టి, మాటలు మాని వినవలెను. సమమైన దారిలో స్టీరింగు పట్టు సడలించినపుడు కారు ఒక ప్రక్కకు లాగరాదు. బ్రేకు వేసినపుడు పెడలు వణకరాదు. గతుకున లోహపు చప్పుడు వినబడరాదు. తిరిగి వచ్చిన తరువాత కారు నిలిచిన చోట నేల మీద నూనె చుక్కలు పడినవేమో కొంతసేపు ఆగి చూడవలెను.

వెల, బయానా

పాలసీలో ఐ.డి.వి. యను పేర బీమా కంపెనీ కట్టిన వెల వ్రాసియుండును. అమ్మువాడు చెప్పు వెల దానికంటె మిక్కిలి హెచ్చుగా నున్నచో, ఎందుకని యడుగుటకు అది మనకాధారము. కొన్న వెంటనే టైర్లకు, బ్యాటరీకి, నూనె మార్పులకు, బీమాకు, పేరు మార్పునకు కావలసిన సొమ్మును వేఱుగా మూటగట్టి, మిగిలినదానినే కారు వెలగా నెంచవలెను. ఉన్నదంతయు వెలకే యిచ్చి వేసి, అరిగిన టైర్ల మీద బిడ్డలను ఎక్కించుకొని పోవుట తగదు.

"ఇంకొకరు సాయంకాలము వచ్చుచున్నారు, ఇప్పుడే బయానా ఇయ్యుడు" అని తొందరపెట్టువానికి, సాయంకాలము వచ్చువారికే యిమ్మని చెప్పి లేచి రావలెను. సొమ్ము బ్యాంకు ద్వారా, ఆర్.సి.లో పేరున్నవాని ఖాతాకే చెల్లింపవలెను. ఒక వ్యవహారమునకు రెండు లక్షల రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని 2017 నుండి చట్టము కలదు. కారు అప్పగించుకొన్నపుడు తేదితోపాటు గంటను గూడ వ్రాసి, ఇరువురును సంతకములు చేసిన రసీదు తీసికొనవలెను. ఆ ఉదయము జరిగిన ప్రమాదమునకును, సాయంకాలము జరిగినదానికిని బాధ్యులు వేఱు గదా. రెండు తాళపుచెవులును అడిగి తీసికొనుట మఱవరాదు.

వర్తకుని వద్ద కొనువారు మఱియొకటి తెలిసికొనవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము, పాత కార్ల వర్తకుడు రిజిస్టరింగు అధికారి వద్ద అధికారపత్రము పొందియుండవలెను. తనకు కారు అప్పగింపబడిన సంగతి ఆ అధికారికి తెలియజేయబడి యుండవలెను. ఆ పత్రమును జూపుమని యడుగుటలో మొగమోటము పనిలేదు.

పేరు మార్పు

ఇంతవఱకు చెప్పిన పరీక్షలన్నిటిలో నెగ్గిన కారు గూడ, పేరు మారకున్నచో మనది కాదు. మేమెఱిగిన యొక కుటుంబమున ఇంటి యజమాని తెలిసినవారి వద్ద కారు కొనెను. అమ్మినవారు ఫారములపై సంతకములు చేసి యిచ్చిరి. నేడు రేపని యవి బీరువాలోనే యుండెను. రెండేండ్లకు ఆ యజమాని అకస్మాత్తుగా కాలధర్మము నొందెను. పిల్లల చదువులకై కారు నమ్మజూచిన యా యిల్లాలికి, కారు తన భర్త పేరనే లేదని అప్పుడు తెలిసెను. అమ్మినవారు వేఱు రాష్ట్రమునకు బోయిరి. ఏడాదిన్నర వెదకి, వారిని బట్టుకొని, మరల సంతకములు చేయించుకొనునప్పటికి, కొట్టములో కదలక నిలిచిన కారు వెల సగమునకు దిగెను. చెల్లించిన సొమ్మునకు లోపము లేదు. కారునకు లోపము లేదు. ఒక్క పేరు వ్రాయింపమి వలన ఆమె యంత శ్రమ పడెను.

పేరు మార్పునకు ఫారము 29, ఫారము 30 కావలెను. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాష్ట్రములోపలి అమ్మకమునకు అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రిజిస్టరింగు అధికారికి దెలుపవలెను. అమ్మినవారికి గూడ ఇది మేలు. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్చిన యొక వ్యాజ్యెమున, కారు పలువురి చేతులు మారినను రిజిస్టరులో మొదటి యజమాని పేరే నిలిచియుండెను. ప్రమాదమున ఒక ప్రాణము పోయెను. నష్టపరిహారమునకు రిజిస్టరులో పేరున్న యాతడే యజమానిగా బాధ్యుడని కోర్టు నిర్ణయించెను. కావున మన పాత కారు నమ్మునపుడును ఇదే జాగ్రత్త కావలెను.

బీమా విషయమున గడువు ఇంకను తక్కువ. కొన్న 14 దినములలో బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని మన పేరునకు మార్పించుకొనవలెను. ఇతరులకు కలుగు హానికి సంబంధించిన బీమాను చట్టమే మనకు బదిలీ యైనట్లు భావించును. మన కారునకు కలుగు నష్టమునకు ఆ సౌకర్యము లేదు. పాత పేరుతో నున్న పాలసీ మీద మన సొమ్ము కోరబోయినచో కంపెనీ నిరాకరింపవచ్చును. నో క్లెయిమ్ బోనస్ మనుష్యునిదే కాని కారుది కాదు గాన, అది అమ్మినవానితోనే పోవును. ఆ భేదమునకు కొంత సొమ్ము కట్టవలసి యుండును.

తుదకు ఒక్క మాట. 2021లో చేసిన నిబంధనల మార్పు ప్రకారము, కారు యజమాని తన తదనంతరము అది యెవరికి జెందవలెనో, వారి పేరును ఆర్.సి.లో నామినీగా వ్రాయించుకొనవచ్చును. మన దేశమున ఇట్టి మాట యింటిలో నెత్తుటయే అశుభమని భావించువారు కలరు. బ్యాంకు ఖాతాలోను, జీవితబీమాలోను వ్రాయించిన పేరు అశుభము కానప్పుడు, ఇది మాత్రము ఎట్లగును? పేరు మార్పు దరఖాస్తు నింపుచున్న నాడు, సోదరీమణులారా, మీ భర్తల ప్రక్కన గూర్చుండి ఆ కాగితమును మీరును ఒకసారి చదువుడు. ఛాసిస్ నంబరు సరిగా వ్రాసిరేమో చూచి, నామినీ గడి ఖాళీగా నున్నచో నింపుడని చెప్పుడు. క్రొత్త ఆర్.సి. యింటికి వచ్చిన దినమున దానిని, పాలసీని, రసీదును ఒక్క సంచిలో నుంచి, పొలము దస్తావేజుల సరసన భద్రపఱచుడు.